స్తోత్రం తర్వాత

చేపల పులుసు మరిగేలోపు ప్రేమమణి టీచర్ ఎక్కిన బస్సు ఇంకోసారి బోల్తా పడింది. పడింది కాసెట్‌లో. గ్యాస్ పొయ్యి పక్కన, ఉప్పు డబ్బాకీ పోపుల పెట్టెకీ మధ్య టేప్ రికార్డరు పెట్టుకుని హదస్సా వింటోంది. పరిశోధన అంటే ఫ్యాను కింద పొడుగాటి బల్ల ముందు కూర్చుని చేసేదని అందరూ అనుకుంటారు. హదస్సా పీహెచ్‌డీ మాత్రం తిరుమలగిరిలో, అత్తగారింటి వంటింట్లో, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో పెన్నుగా సాగుతోంది. కాలేజీలో సైకాలజీ పాఠాలు చెప్పి ఇంటికొచ్చాక, భర్త జెఫ్రీ అమెరికా వాళ్లతో ఫోన్లు మొదలుపెట్టేలోపు ఆమెకు దొరికేది ఆ కాస్త సమయమే. అతను ఫోనెత్తాడంటే ఇంట్లో మిక్సీతో సహా అందరూ నోరు మూసుకోవాల్సిందే.

"నీదైతే ఎప్పుడైనా చేసుకోవచ్చు హదస్సా. నాది క్లయింట్ కాల్ కదా," అంటాడు. మంచివాడే. గొంతు పెంచడు, చెయ్యెత్తడు, ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు కారు తలుపు తీసి పట్టుకుంటాడు. ఇంత మంచివాణ్ణి పెట్టుకుని నీకేం తక్కువ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలీదు. అందుకని ఎవరూ అడక్కపోవడమే నయమనుకుంటుంది.

రెండేళ్ల కిందట లాలాగూడ చర్చివాళ్లు మహాసభలకు వెళ్లి తిరిగొస్తుంటే బస్సు కల్వర్టు మీదనుంచి పడిపోయింది. ప్రాణాలతో బయటపడ్డ ఆడవాళ్లకు నిద్ర లేదు, బ్రేకు చప్పుడు వింటే గుండె దడ. అలాంటి వాళ్లకు ఏళ్ల తరబడి వైద్యం చేయక్కర్లేదు, కొద్ది సిట్టింగులు చాలు, జరిగింది జరిగినట్టు మొదటి నుంచీ చివరిదాకా చెప్పిస్తే భయం తగ్గుతుందని ఒక పద్ధతి ఉంది. అది మన దగ్గర పనిచేస్తుందా లేదా అన్నదే హదస్సా తేల్చాల్సింది. వినేవాళ్లు సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు. చెప్పేవాళ్లు ఆగినప్పుడల్లా "తర్వాత?" అనాలి, అంతే. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ప్రశ్నలు అడిగి మార్కులు వేసుకుంటారు. నిద్ర పడుతోందా, బస్సెక్కగలరా, ఒంటరిగా ఉండగలరా అని. మార్కులు ఎంత తగ్గితే భయం అంత తగ్గినట్టు.

తగ్గాయి. దబ్బున తగ్గాయి. గైడు రామభద్రరావుగారు కాగితాలు చూసి కుర్చీలోంచి లేచినంత పనిచేశారు. "ఇన్ని తక్కువ సిట్టింగుల్లో ఇంత డ్రాపా! బెంగుళూరు కాన్ఫరెన్స్‌లో నేనే ప్రెజెంట్ చేస్తానమ్మా. నువ్వు స్లైడ్స్ చేసిపెట్టు. మీ ఆయన సాఫ్ట్‌వేరే కదా, కష్టమేముంది!" పని హదస్సాది, స్లైడ్ల తెలివి మొగుడిది, వేదిక ఆయనది. ఆమె నవ్వి ఊరుకుంది. ఆడవాళ్లు నవ్వి ఊరుకున్న సందర్భాలన్నీ ఒకచోట పోగేస్తే అది కూడా ఒక థీసిస్ అవుతుంది.

కాసెట్‌లో ప్రేమమణి టీచర్ గొంతు తొణక్కుండా సాగుతోంది. రైల్వే స్కూల్లో ముప్ఫయ్యేళ్లు పిల్లల్ని దడిపించిన గొంతు అది. "...అద్దం పగిలి నా ముందల తలుపు లెక్క తెరుసుకుంది. నా దేవుడు నన్ను చెయ్యి పట్టి బయటికి తీసినాడు. ఈ దినం నేను సజీవంగ ఉన్ననంటే ఆయన కృపనే. దేవునికే మహిమ!"

"స్తోత్రం!" అంది అత్తగారు కాంతమణి, హాల్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ. అలవాటు. ఎవరు ఎక్కడ సాక్ష్యం చెప్పినా, అంటే దేవుడు తమకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకున్నా, చివర దేవునికి మహిమ అనగానే వినేవాళ్లు స్తోత్రం అనాలి.

హదస్సాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కాసెట్‌లో కూడా ఎవరో స్తోత్రం అన్నారు. ఆ వెంటనే టక్కుమని బటన్ నొక్కిన చప్పుడు.

ఆమె టేపు వెనక్కి తిప్పి మళ్లీ వింది. ఆ గొంతు తనదే.

పులుసు అడుగంటుతున్నా పట్టించుకోకుండా డబ్బాలోంచి ఇంకో కాసెట్ తీసింది, ఆ తర్వాత మరొకటి. మనుషులు వేరైనా అన్నిటి ముగింపూ ఒకటే. బస్సులోంచి బయటపడడం, దేవునికి మహిమ, హదస్సా నోటివెంట స్తోత్రం, టక్. "తర్వాత?" అని అడగాల్సిన మనిషి, పుట్టినప్పటి నుంచీ చర్చి బెంచీల మీద పెరిగిన నాలుకతో, తనకే తెలీకుండా అందరి నోళ్లూ మూసేసింది. వాళ్లు చెప్పింది జరిగింది కాదు, స్త్రీల కూడికల్లో చెప్పి చెప్పి నునుపు చేసిన సాక్ష్యం. అలా చెప్పిన నోటితోనే రాత్రుళ్లు నిద్ర లేదని ఎవరు మాత్రం చెప్తారు? మార్కులు తగ్గాయంటే తగ్గవూ!

హదస్సాకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆమె కూడా చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పినదే.

మూడేళ్ల కిందట నెలలు నిండాక ఆమె కడుపులో పాప కదలడం మానేసింది. మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. మెలకువ వచ్చేసరికి సమాధుల తోటలో కార్యక్రమం కూడా అయిపోయింది. "చూస్తే మర్చిపోలేవని చూపియ్యలేదు బిడ్డా," అంది కాంతమణి. జెఫ్రీ చెయ్యి పట్టుకుని, "మనం ముందుకెళ్లాలి హదస్సా. అదంతా క్లోజ్ అయిపోయింది," అన్నాడు. పాలు మాత్రం ఎవరి మాటా వినకుండా వచ్చాయి. గుడ్డ బిగించి కట్టారు. కొన్నాళ్లకు అత్తగారు తెల్ల చీర ఇస్త్రీ చేసి ఇచ్చి, సాక్ష్యం చెప్పమంది. చెప్పింది. దేవుడు నన్ను ఆదరించాడు, ఆయన చిత్తమే జరిగింది, ఆయనకే మహిమ. చర్చి అంతా స్తోత్రం అంది. తర్వాత టీ, బిస్కట్లు. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో గానీ బయట గానీ ఆ పాప మాట ఎవరూ ఎత్తలేదు. సాక్ష్యం చెప్పాక ఇంకేముంటుంది ఎత్తడానికి?

కానీ ఆమెకు ఒకటే కావాలి. పాప ఎలా ఉందో తెలియాలి. స్కూలు బస్సుల కిటికీల్లోంచి, స్కూటర్ల ముందు నిలబడి వెళ్లే చిన్నపిల్లలు కనపడ్డప్పుడల్లా ఆమె మెడ దానంతటదే తిరుగుతుంది. ఈ వయసుకి ఇంతే ఉండేదనుకుంటుంది. ఇంత ఎత్తు అనుకోగలదు, ఇంత లావు అనుకోగలదు. ముఖం దగ్గరకు వచ్చేసరికి ఏమీ ఉండదు. బెంగపెట్టుకోవడానికైనా ఒక ముఖం ఉండాలి కదా. తనకు తప్ప అందరికీ ఆ ముఖం తెలుసు. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా కోపం కంటే ముందు ఈర్ష్య కలుగుతుంది.

మర్నాడు రాంగోపాల్‌పేట్‌కు ఆటోలో వెళ్తుంటే, ప్యాట్నీ సెంటర్ దాటిన తర్వాత ప్రేమమణి టీచర్ కనపడింది. రాంగోపాల్‌పేట్‌లో ఒక మిషన్ స్కూలు వెనక గదిలోనే హదస్సా ఆడవాళ్లను కలుస్తుంది. టీచర్ నల్లగొడుగు వేసుకుని నడుస్తోంది. సిటీ బస్సు వచ్చినప్పుడల్లా షట్టర్లు మూసిన దుకాణం గోడకు ఒత్తుకుని నిలబడి, అది పోయాక కదుల్తోంది. అడిగిన ప్రశ్నల్లో బస్సెక్కడానికి భయమా అన్నదానికి ఆమె జవాబు "లేదు" అనే.

గదిలోకి వచ్చి కూర్చుని టీచర్ ముఖం తుడుచుకుంది. హదస్సా గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చింది.

"లాలాగూడ నుంచి నడిచే వస్తున్నారా టీచర్‌గారూ?"

"షుగర్ ఉంది కదమ్మా. నడిస్తె మంచిదన్నడు డాక్టర్."

"ఈ ఎండలోనా? నేను ఆటోలోంచి చూశాను. బస్సు వస్తే మీరు గోడకి..."

టీచర్ గ్లాసు కింద పెట్టింది. "మరి ఏం చెప్పమంటవ్? ఎన్ని చర్చిల్ల పిలిచి సాక్ష్యం చెప్పిచ్చుకున్నరు నాతోటి! గిప్పుడు భయమైతుందంటె నాకు విశ్వాసం లేదనరా?"

"ఇక్కడ ఎవరూ అనరు. పోయినసారి తప్పు నాది. మీరు ఆగకముందే స్తోత్రం అనేశాను. ఇవాళ అనను." హదస్సా బటన్ నొక్కింది. "అద్దంలోంచి బయటికొచ్చారు. తర్వాత?"

టీచర్ ఒళ్లోని గొడుగు తీసి గోడకు ఆనించింది. ఆ తర్వాత వచ్చిన గొంతులో టీచర్ లేదు.

"రోడ్డు మీద కూసుండవెట్టిన్రు. శాలువ కప్పిన్రు. మా చెల్లె లోపలనే ఉంది. సీటు కింద కాలు ఇరికింది. అక్కా, అక్కా అని పిలుస్తుంది. బస్సు కోసేటోళ్లు ఇంకా రాలే. పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, గట్టిగ ప్రార్థన చెయ్ అక్కా, దేవుడు వింటడు అన్నది. చేసిన. గొంతు చించుకుని చేసిన. నా ప్రార్థన సప్పుడుల దాని పిలుపు నాకే ఇనరాకుండ పోయింది. ఆఖరుకు అదేమన్నదో నాకు తెల్వదు."

ఆమె తలెత్తి హదస్సా వైపు చూసింది. స్తోత్రం కోసం ఎదురుచూస్తోంది. హదస్సా నాలుక కూడా ఆ మాట కోసమే లేచింది. పళ్లు బిగబట్టి దాన్ని ఆపుకుంది.

"తర్వాత?"

"తర్వాత ఏముందమ్మా... దాని గొంతు ఆగింది. నాది ఆగలే. ఇప్పటికి సుత ఆగలే." ప్రేమమణి కొంగు నోట్లో కుక్కుకోలేదు, దేవుణ్ణి పిలవలేదు. మామూలుగా, పెద్దగా ఏడ్చింది. పోయేటప్పుడు గొడుగు తీసుకుని, వచ్చే వారం ఎన్నింటికి రమ్మంటావని అడిగి, నడుచుకుంటూనే వెళ్లిపోయింది.

హదస్సా గైడుగారికి ఫోన్ చేసి, టేపుల సంగతి చెప్పి, ఆ అంకెలు బెంగుళూరు పంపొద్దంది. అందరినీ మళ్లీ మొదటి నుంచి కలుస్తానంది.

"ఒక్క స్తోత్రం కోసం థీసిస్ ఆపేస్తావా? ఏడాది పోతుందమ్మా!"

"వాళ్ల మాట ఆగిపోయింది దాని దగ్గరే సార్," అంది.

ఆ సాయంత్రం టీ ఇస్తూ జెఫ్రీకి కూడా చెప్పింది. అతను కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "రిజల్ట్ వచ్చాక మళ్లీ ఓపెన్ చేస్తారా ఎవరైనా? క్లోజ్ చేసెయ్ హదస్సా."

"జెఫ్రీ, పాప ఎలా ఉండేది?"

టైపు చేసే వేళ్లు ఆగాయి. అతనికీ గుర్తుందని, సమాధుల తోటకు పాప పెట్టె మోసింది ఆ చేతులేనని హదస్సాకు తెలుసు. ఒక్క మాట అంటాడేమో అని గుమ్మంలోనే నిలబడింది.

"ఇప్పుడెందుకదంతా? కాల్ టైమైంది," అని ఫోనందుకున్నాడు. "ప్లీజ్, ఆ తలుపు వేసెయ్."

వేసింది. హాల్లోకి వచ్చింది. కాంతమణి నేల మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. హదస్సా ఎదురుగా చతికిలబడి, పళ్లెం ఆమె ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది.

"అత్తయ్యా, నా పాప ఎలా ఉండేది?"

కాంతమణి చేతులు ఖాళీగా గాల్లోనే ఉండిపోయాయి. "అంతా దేవుని చిత్తం బిడ్డా. ఇచ్చినందుకు, తీసుకున్నందుకు ఆయనకే స్తోత్రం."

"స్తోత్రం అయింది కదా. తర్వాతది చెప్పండి."

పెద్దావిడ తలుపు వైపు చూసింది, గోడ మీది వాక్యం క్యాలెండరు వైపు చూసింది. ఇన్నాళ్లూ ఈ వంటింటి కాసెట్లు ఆవిడ కూడా వింది. ఎవరెవరో ఆడవాళ్లు ఏవేవో చెప్పుకోవడం వింది. నెమ్మదిగా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నేనే స్నానం పోసిన," అంది. "నర్సు పోస్త అన్నది. నేనే ఇయ్యలే. జుట్టు నిండ ఉండె బిడ్డా. నీళ్లు పోస్తె నుదురుకు అంటుకునె. రంగు నీదే. గడ్డం మా జెఫ్రీది. గోర్లు పెరిగి ఉండె, పొడుగ్గ. అయ్యో, గీక్కుంటది, కత్తిరియ్యాలె అనుకున్న. మళ్ల యాదికొచ్చింది."

హదస్సా కళ్లు మూసుకుంది. జుట్టు. నుదురు. గడ్డం. మూడేళ్లుగా ఖాళీగా ఉన్న చోట ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి.

"నన్ను సుత ఎవరు అడగలే," అంటూ కాంతమణి పెద్దగా ఏడ్చేసింది.

లోపలి నుంచి జెఫ్రీ గొంతు వినపడింది. "మమ్మీ, కొంచెం మెల్లగా. కాల్‌లో ఉన్నా."

కాంతమణి గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హదస్సా లేచింది. వెళ్లి ఆ గది తలుపు బార్లా తెరిచింది, అది మళ్లీ మూసుకోకుండా స్టూలు అడ్డం పెట్టింది. వెనక్కి వచ్చి కూర్చుని, అత్తగారి చేతిలోంచి కొంగు మెల్లగా విడిపించింది.

"తర్వాత?" అంది, గొంతు తగ్గించకుండా.