కొప్రేస్‌కి చదువు రాదు

కొప్రేస్ అంటే పెంటకుప్ప. తిట్టు కాదు, పేరే అది. నైలు కాలువ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో చెత్తకుప్ప మీద పారేసిన బిడ్డల్ని ఎత్తుకొచ్చి పెంచుకున్నవాళ్లు అలాంటి పేరే పెట్టేవారు. ఊళ్లో ఇంకా ఇద్దరు పెంటకుప్పలుండేవారు. ఒకడు గాడిదలు తోలేవాడు, రెండోవాడు బార్లీ కల్లు కాచేవాడు. కానీ ఆదివారం పొద్దున సువార్త పుస్తకం విప్పగానే సంఘమంతా లేచి నిలబడేది మన కొప్రేస్ ఎదుటే. పుస్తకం చదివే పని అతనిది మరి.

చిక్కల్లా ఒకటే. అతనికి చదువు రాదు.

అంతకుముందు ఆ పని పిల్లనిచ్చిన మామది. ఇరవై ఏళ్లపాటు ఆయన పక్కన కూర్చుని విని విని కొప్రేస్‌కి పుస్తకమంతా నోటికొచ్చేసింది. మామ పోయాక సంఘపెద్ద ఇసిడోరు పుస్తకం తెచ్చి చేతిలో పెట్టి, "ఇక నువ్వే చదవాలిరా" అన్నాడు. చెత్తకుప్ప మీద దొరికినవాణ్ణి పిలిచి అంత మాటంటే కాదనడానికి నోరెలా వస్తుంది? రాలేదు. పుస్తకం ఏ వైపు తిప్పి పట్టుకోవాలో భార్య తేర్మూతి నేర్పింది. మామ వేలి నూనె మరక ఒకటి అట్ట మూలన ఉండేది. అది కింద, కుడి బొటనవేలి దగ్గరకు వస్తే పుస్తకం నిటారుగా ఉన్నట్టు. ఊపిరి అందనప్పుడల్లా ఓ పేజీ తిప్పేవాడు. చదవడం మొదలవగానే ఇసిడోరు కళ్లు మూసుకునేవాడు. భక్తి అనేవారు జనం, నిద్ర అనేది తేర్మూతి. ఏదైతేనేం, గుట్టు దాగింది. కానీ బయటపడిన రోజున తను మళ్లీ ఉత్త పెంటకుప్పేనని కొప్రేస్‌కి ఆదివారం ఆదివారం భయం పట్టుకునేది.

అలా ఉండగా చక్రవర్తుల నుంచి తాఖీదు వచ్చింది. అప్పట్లో చక్రవర్తులు ఏకంగా నలుగురు. నలుగురికీ వేరే పనేమీ లేనట్టు, క్రైస్తవుల పుస్తకాలన్నీ పట్టుకుని తగలబెట్టమన్నారు.

తెల్లారేసరికి ఇసిడోరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "అమ్మాయ్, పుస్తకాన్ని ఎక్కడైనా దాచు. నాకు మాత్రం చెప్పకు, నేను భయస్థుణ్ణి, అడిగితే చెప్పేస్తాను."

ఆ రోజు రొట్టెలు కాల్చే రోజు కాదు. తేర్మూతి పుస్తకాన్ని రొట్టెల పొయ్యిలో లోపలికంటా తోసి మూత పెట్టింది. ఇంత తెలివి తన బుర్రకే పుట్టిందని మురిసిపోయింది కూడా.

ఎండెక్కాక పట్నం అధికారి నెమెసియోను ఇద్దరు భటులతో, ఓ గుమాస్తాతో దిగాడు. ఇల్లంతా గాలించారు. ఏమీ దొరకలేదు. గాడిద మీద వచ్చి నడుం పట్టేసిందేమో, నెమెసియోను అరుగు మీద చతికిలబడి, "తినడానికేమైనా ఉందా?" అన్నాడు.

"నిన్నటి రొట్టె ఉంది దొరా."

"నిన్నటిదా? నా పళ్లూడగొడతావా ఏంటి? పొయ్యి రాజెయ్యి."

తేర్మూతి పై ప్రాణాలు పైనే పోయాయి. "కట్టెలు తడిగా ఉన్నాయి దొరా."

"తడి కట్టెలతో మాకేం కొత్తా తల్లీ!" అంటూ ఓ భటుడు తానే లేచి ఎండు ఈతమట్టలు పొయ్యిలో కుక్కి నిప్పంటించాడు. పొయ్యి భగ్గున లేచింది.

"మీ పొయ్యి భలే అంటుకుంటుందే!" అన్నాడు నెమెసియోను.

కొప్రేస్ గోడకానుకుని నిలబడి చూస్తున్నాడు. పుస్తకం కాలే వాసనకు కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. మామ వేలి మరక కూడా పోయింది. రొట్టెలు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి. నెమెసియోను ఉల్లిపాయతో మూడు లాగించి, మూతి తుడుచుకుని పనిలో పడ్డాడు.

"ఇక్కడ పుస్తకాలేమీ లేవని ప్రమాణం చెయ్యి."

"లేవు దొరా. ఒక్కటంటే ఒక్కటి లేదు," అన్నాడు కొప్రేస్ ఏడుస్తూ.

"అయితే సంతకం పెట్టు."

"నాకు చదువు రాదు."

నెమెసియోను తలెత్తి చూశాడు. "సంఘంలో నీ పనేంటి?"

"చదవడం."

భటులు పడీ పడీ నవ్వారు. గుమాస్తా మొహంలో ఏ కదలికా లేకుండా, 'ఇతనికి అక్షరాలు రావు కనుక ఇతని తరఫున నేను రాశాను' అని గీకి ముద్ర కొట్టాడు. అంతా వెళ్లిపోయారు.

సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. "మొహం మీదే బొంకాడట! చదివేవాడు చదువు రాదన్నాడట! ఏం గుండెరా నీది!" ముసలమ్మలు వచ్చి చేతులు ముద్దు పెట్టుకున్నారు. కొప్రేస్ లబోదిబోమన్నాడు. "నేను అబద్ధమాడలేదే! రెండూ నిజాలే చెప్పాను!" వాళ్లు కన్నుగీటి వెళ్లిపోయారు. నిజం చెప్పి అబద్ధాలకోరుగా కీర్తి మూటగట్టుకున్నవాడు ఈజిప్టు మొత్తం మీద అతనొక్కడే.

ఎనిమిదేళ్లకు తాఖీదు రద్దయింది. ఇసిడోరు పట్నం నుంచి సరపియోను అనే లేఖకుణ్ణి పిలిపించాడు. కొప్రేస్ చెప్పేటట్టు, సరపియోను రాసేటట్టు ఏర్పాటు. చదివి చదివి నోటికొచ్చేసిందని అందరి నమ్మకం. ఆరు రోజులు ఏకధాటిగా చెప్పాడు. ఏడో రోజు సంఘమంతా చేరాక, సరపియోను పట్నం సంఘం పుస్తకం ముందు పెట్టుకుని పోల్చి చూశాడు.

"అంతా బాగానే ఉంది. ప్రభువు చిన్నపిల్లల్ని ఎత్తుకునే చోట ఒక వాక్యం మాత్రం పట్నం పుస్తకంలో లేదు. 'అందరికన్నా ముందు చెత్తకుప్ప మీద దొరికిన బిడ్డను ఎత్తుకొనెను.' ఇదెక్కడిది? కొట్టేస్తాను."

ముసలమ్మలు ఒక్కసారిగా లేచారు. "కొట్టేస్తావా? చెయ్యి విరుగుద్ది! ఇన్నేళ్లుగా వింటున్నాం మేము. మీ పట్నం పుస్తకమే తప్పు!"

"అయితే ఎక్కడుందో ఈయన్నే చూపించమనండి," అని సరపియోను పట్నం పుస్తకాన్ని కొప్రేస్ చేతుల్లో పెట్టాడు.

కొప్రేస్ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మరక లేదు. ఏదో ఒక వైపు పట్టుకున్నాడు. చెల్లాచెదురైన చీమల్లాంటి ఆ గీతల్లో తన వాక్యం ఎక్కడుందని చూపిస్తాడు? తేర్మూతి వంక చూశాడు. ఆమె తల దించేసుకుంది. ఇన్నేళ్ల భయాన్ని ఇక మోయడం తన వల్ల కాదనిపించింది.

"నాకు చదువు రాదు," అన్నాడు గట్టిగా.

సంఘం సంఘమంతా గొల్లున నవ్వింది.

"మళ్లీ మొదలెట్టాడు!"

"ఆ ముక్క పోయి నెమెసియోనుకి చెప్పు!"

ఇసిడోరు పొట్ట పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. సరపియోను ఒక్కడే నవ్వలేదు. మెల్లగా చెయ్యి చాచి, కొప్రేస్ చేతుల్లోని పుస్తకాన్ని తలకిందుల నుంచి నిటారుగా తిప్పాడు.

"ఆ వాక్యం ఎవరిది?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాదే. మా మామ చదివినప్పుడు లేదు. నా మొదటి ఆదివారం ఆ చోటికి వచ్చేసరికి నోట్లోంచి వచ్చేసింది. అందర్నీ ఎత్తుకుంటున్నాడు కదా అయ్యా, నన్నొదిలేసి పోతాడేమోనని భయమేసింది. తప్పయితే కొట్టెయ్యండి."

సరపియోను కలం కొన నమిలాడు. తర్వాత సిరాలో ముంచి, ఆ వాక్యాన్ని లోపల కొట్టేసి పేజీ అంచున చిన్న అక్షరాలతో రాశాడు. "పక్కన పెడుతున్నాను. నా తర్వాత దీనికి నకలు రాసేవాడు ఎలాగూ తొందరలో లోపలికి లాగేస్తాడు. మా వాళ్ల సంగతి నాకు తెలీదా?"

కొత్త పుస్తకం ఆ సాయంత్రం ఇంటికొచ్చింది. తేర్మూతి వంట మధ్యలో లేచి వచ్చి, బొటనవేలు నూనె గిన్నెలో ముంచి, అట్ట కింద కుడి మూలన గట్టిగా అద్దింది.