హాజరు

నందికొట్కూరు దగ్గర పల్లెలో నేను బడిపంతులుగా చేరిన కొత్త. పేరు పిలిచినప్పుడు పిల్లలు పలక్కపోతే నాకు ఒళ్లు మండేది. ఆ పొద్దు "భీమక్కా" అని పిలవగానే, కొత్తగా చేరిన పిల్ల లేచి "హాజరు" అంది. మరుక్షణం వాళ్ల నాయన తిమ్మన్న బయటి నుంచి దూసుకొచ్చి పిల్ల చెయ్యి పట్టి లాగాడు.

"ఏమప్పా, ఇది బడి అనుకున్నావా, సంత అనుకున్నావా?" అని అరిచాను.

"బడి అనే తెచ్చినా సామీ. ఈడ గూడా హాజరేనా? మా కులమంతా దొంగలని తెల్లోళ్లు రాసినారు. దినామూ ఠాణాకు పోయి హాజరు పలికినోళ్లం. దొంగోడని రాసినాక పని ఎవురిస్తారు? పని లేకుంటే ఏం తింటాం? ఠాణాకు పోవడం మొదలైనాకనే మా నాయన దొంగతనం నేర్చినాడు."

తెల్లవాళ్ల నేరస్థ జాతుల చట్టం పోయి ఏళ్లయినా, 'హాజరు' అన్న మాట పోలేదు. నేను తర్వాతి పేరు పిలిచాను. ఊరి రెడ్డిగారి కొడుకు లేచి, చేతులు కట్టుకుని "హాజరు" అన్నాడు.

తిమ్మన్న నోరు తెరిచాడు. "రెడ్డి కొడుకు గూడానా?"

"పలక్కపోతే వాడికీ బెత్తమే" అన్నాను.

తిమ్మన్న పగలబడి నవ్వాడు. కూతుర్ని తీసుకెళ్లి రెడ్డిగారి కొడుకు పక్కనే కూర్చోబెట్టాడు. గడప దాటి, మళ్లీ తిరిగి చూశాడు.

"సామీ, నా పేరు పిలవరు గదా?"

"పిలవను."

తిమ్మన్న తలగుడ్డ బిగించాడు. "అయితే చేన్లో పని ఉండాది, పోతాండా."