జీడిమచ్చ

వెంకటరాజం ఖల్వంలో గంధకం నూరుతున్నాడు. పచ్చని పొడి కరకరలాడి మెల్లగా మెత్తబడుతోంది. వంగిన వీపు, నెరిసిన మీసం, ఎంత కడిగినా అయోడిన్ మరక పోని గోళ్ళు. సాలెవాళ్ళ ఇంట పుట్టి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టనని నారాయణపేట విడిచి, నార్కట్‌పల్లి బాటమీది ఈ చిన్న దవాఖానలో కాంపౌండరుగా చేరాడు. రజాకార్ల గొడవల్లో వెళ్ళిపోయిన డాక్టరు, యూనియన్ సైన్యం వచ్చి ఏడాది దాటినా తిరిగి రాలేదు. కట్లు కట్టడం నుంచి వరండా ఊడ్చడం దాకా అన్నీ అతని పనులే.

బెంచీమీద నర్సింగమ్మ, పక్కన ఆమె కూతురు నిర్మల. పిల్ల ముఖానికి అడ్డం పెట్టుకున్న పైట తీయడంలేదు.

"తియ్యి బిడ్డా. సూడకుంటె ఎట్ల దెలుస్తది?" అన్నాడు.

గడ్డం కింద వేలు పెట్టి, ముఖాన్ని కిటికీ వెలుతురుకు తిప్పాడు.

"ముక్కుమీద నల్లమొనలున్నయి సూడు, గవి మురికి గాదు. లోపలి జిడ్డే గట్ల నల్లబడ్డది. గీ తెల్లపొక్కులు గూడ గసొంటియే. వేన్నీళ్ళతోని కడిగి మలాం పెడితె తగ్గుతయి. ఎర్రగై చీము పట్టినయి మాత్రం గోకకు, మచ్చ పడ్తది."

"దవడమీద గట్టిగ తాకుతాంది, గదేంది?" అంది నర్సింగమ్మ.

అతని వేలు అక్కడ ఆగింది. "గది లోపలి గడ్డ. పైకి రాదు, లోపట్నే తింటది. పిసికితె గుంత పడ్తది. నలగొండ పెద్ద దవాఖానకు తోల్కపో. ఆలస్యం జెయ్యకు."

"మావోళ్ళు జీడిగింజ సొన అంటియ్యమంటున్నరు."

"జీడి జోలికి పోకు." గొంతు తనకే పెద్దగా వినిపించింది. పిల్ల బెదిరి తల్లివైపు జరిగింది. అతను తల వంచుకుని మలాం పొట్లం కట్టి ఇచ్చాడు.

వాళ్ళు వెళ్ళాక ఖల్వం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి ఆడలేదు.

అతని కూతురు లీల తల్లిలేని పిల్ల. దాన్ని తనే పెంచాడు. పదహారో ఏట ముఖమంతా గడ్డలు కట్టాయి. ఒక సాయంత్రం దీపం దగ్గరికి వచ్చి, చెంప వెలుతురుకు తిప్పి నిలబడింది. "బాపూ, జర సూడవా?" అంది. ఊరందరి పుండ్లూ కడిగే మనిషికి, ఎదిగిన కూతురి చెంప పట్టుకుని చూడటానికి ఎందుకో చెయ్యి రాలేదు. రోగమని తన నోటితో అంటే, ఇక సంబంధాలు రావన్న భయం కూడా ఉంది. "వయసు మొటిమలు. గవే పోతయి" అన్నాడు తల ఎత్తకుండా. అవి అలాంటివి కావని ఓరకంటికే తెలిసింది.

పిల్ల మళ్ళీ అడగలేదు. ఎవరో చెబితే తనే జీడిగింజ కాల్చి సొన అంటించుకుంది. చెవి పక్కన చర్మం బొబ్బలెక్కి, చింతగింజంత నల్లమచ్చ మిగిలింది. అప్పట్నుంచి పగటిపూట గడప దాటేది కాదు. చీకటిపడ్డాక సంఘం మీటింగులకు మాత్రం పోయేది. అక్కడ ఒకే కందిలి, ఎవరి ముఖమూ ఎవరికీ సరిగా ఆనదు. ఒకనాడు పోయిన పిల్ల తిరిగి రాలేదు. దళంతో అమ్రాబాద్ అడవిలో ఉందని ఎవరో చెవిన వేశారు. అడిగినవాళ్ళకు మాత్రం నారాయణపేటలో మేనత్త దగ్గరుందని చెబుతూ వచ్చాడు.

పొద్దు వాలుతుండగా క్యాంపు పోలీసుల ఎడ్లబండి దవాఖాన ముందు ఆగింది. వరండాలో రెండు శవాలు దించారు. కోస్తా నుంచి వచ్చిన జమేదారు, "తెల్లవారుజామున గుట్టమీద కాల్పులు జరిగాయి. ఫోటో తీయాలి, ముఖాలు తుడవండి" అన్నాడు.

వెంకటరాజం చెంబుతో నీళ్ళూ, దూదీ తెచ్చాడు. మొదటివాడు ఎవరో తెలియదు. రెండో ముఖం నిండా మట్టి ఎండిపోయి ఉంది. చెంపమీద తడి దూది పెట్టి లాగాడు. చెవి పక్కన నల్లమచ్చ బయటపడింది.

దూది పక్కన పెట్టి ఉత్తి వేళ్ళతో దవడ తడిమాడు. గుంతలున్నాయి. వాటి మధ్య చర్మం నున్నగా ఉంది. ఒక్క గడ్డా తగలలేదు. అవే పోయాయి. ఎప్పుడు పోయాయో, ఏ వాగు నీళ్ళలో ముఖం చూసుకుని పిల్ల గుర్తుపట్టిందో, ఎవరితో చెప్పుకుని సంతోషపడిందో.

"ఎరిగిన మనిషా?" జమేదారు అడిగాడు.

నారాయణపేట మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నా బిడ్డ" అన్నాడు. "పేరు లీల."

జమేదారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "శవాన్ని అప్పగించే అధికారం నాకు లేదు పెద్దాయనా" అన్నాడు.

"జర ఆగుండ్రి. ఇంకో చెంప తుడవాలె."

గడ్డం కింద వేలు పెట్టి ముఖాన్ని పడమటి ఎండకు తిప్పాడు. నుదురు, కనురెప్పలు, ముక్కు పక్కల మడతలు, అన్నీ తీరిగ్గా తుడిచాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఫోటో తీశాక బండి కదిలింది. ఎక్కడికని అతను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఎత్తుతున్నప్పుడు జారిపడ్డ కిర్రుచెప్పులు మెట్టుమీద ఉండిపోయాయి. మగవాళ్ళ చెప్పులవి, లీల కాళ్ళకు బాగా పెద్దవి. వదులు కాకుండా మునివేళ్ళ దగ్గర కుక్కిన గుడ్డపీలికలు ఇంకా తడిగానే ఉన్నాయి.