కార్డుకెక్కని బిడ్డ

ఇసబెల్లా పిల్లల డాక్టరు. బంగారు గనుల ఊరు మారికుప్పంలో పుట్టి, బెంగళూరులో చదివి, ఇప్పుడు దేశాలు పట్టుకుని తిరుగుతోంది. వైద్యం ఏ బిడ్డకు అందుతోంది, ఏ బిడ్డకు అందడం లేదు, ఎందుకు అందడం లేదు, ఇదే ఆమె పరిశోధన. పదకొండు దేశాలు చూసింది. ఎక్కడికి పోయినా ఒకటే గోడు. ఉన్నవాడి బిడ్డ బతుకుతుంది, లేనివాడి బిడ్డ పోతుంది. ఒక్కచోట మాత్రం ఆ మాట నిలవలేదు. అది తన సొంత ఊరే.

గనులు సర్కారు కంపెనీ చేతికి వచ్చిన కొత్తలో ఎల్లమ్మదిన్నె లైన్లో, అంటే వరస ఇళ్లలో, ఉండే కంట్రాక్టు కూలీలు సంఘం పెట్టుకుని చిన్న డిస్పెన్సరీ నడుపుకున్నారు. డెబ్బై నాలుగు నుంచి డెబ్బై తొమ్మిది దాకా నడిచింది. ఇంటికొక కార్డు. కార్డులో పేరున్న ప్రతి మనిషికీ మందు, సూది, సెలైను ఉచితం. పేరు లేకపోతే లేదు. అలా కాకుంటే ఊళ్లో వాళ్లంతా వచ్చి పడతారని సంఘం పెట్టిన కట్టు అది.

ఆ కార్డులన్నీ ఒక రేకుపెట్టెలో దొరికాయి. ఆరేళ్లలో ఏడాది లోపు బిడ్డ ఒక్కటీ పోలేదని అవి చెప్పాయి. సున్నా. రాసింది ఇసబెల్లా తల్లి మార్గరెట్. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటీ లేదు. ఆమె చనిపోయి మూడేళ్లయింది. ఆ సున్నా మీద రాసిన వ్యాసాన్ని శుక్రవారానికి పంపాలి. మొదటి పేజీలో అమ్మ పేరు వేసుకుంది ఇసబెల్లా.

ఇక మిగిలింది ఒక్కటే. కార్డుల్లో ఉన్నది నిజమా కాదా అని, బతికున్న ఇరవై ఇళ్లవాళ్లను అడిగి రూఢి చేసుకోవాలి. పొద్దున ఆవులప్ప ఇంటితో పందొమ్మిది ఇళ్లు అయిపోయాయి. ఎక్కడా తేడా రాలేదు. ఇరవయ్యోది ముత్యాలప్పది.

ఆమె వెళ్లేసరికి ముత్యాలప్ప పొయ్యి ముందు కూచుని సంగటి కెలుకుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఎవురమ్మా?"

"మార్గరెట్ కూతుర్నప్పా. డిస్పెన్సరీ మార్గరెట్."

"ఓహో. ఎనిమిదో దినమే చర్చి గుడిలో పేరు పెట్టేసినారే, ఆ పాపవి కదా నువ్వు? డాక్టరైనావంట. నాకేం రోగం లేదమ్మా, వయసొక్కటే ఉండాది. దానికి మందు తెచ్చినావా?"

"అది నాకూ కావాలప్పా" అని నవ్వింది ఇసబెల్లా.

"కూచో. పీట విరిగుండాది, చూసి కూచో. నా పెండ్లాము నరసమ్మ పోయినంక ఈ ఇంట్లో విరిగింది విరిగినట్లే ఉండాది."

ఆమె కూచుని ట్యాబ్ తెరిచింది. ఒళ్లో అతని పాత కార్డు పెట్టుకుంది.

"మీరు, నరసమ్మ, మీ అమ్మ. కార్డులో ముగ్గురే ఉండారు. పిల్లలు లేరా అప్పా?"

"కార్డులో లేరు."

సరేనని 'లేరు' మీద వేలు పెట్టబోయింది. వేలు ఆగిపోయింది.

"కార్డులో లేరంటే?"

ముత్యాలప్ప అప్పుడు తల ఎత్తాడు.

"అది అడిగేదానికి మీ ఇంటోళ్లకు నలభై ఏండ్లు పట్టిందే."

సంగటి కెలుకుతూనే చెప్పుకొచ్చాడు. డెబ్బై ఆరు వానాకాలం. లైనంతా భేదులు. అతని కొడుకుకు అయిదు నెలలు. బుడ్డోడు, బుడ్డోడు అని పిలిచేవాళ్లు. తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి. నరసమ్మ ఎత్తుకుని డిస్పెన్సరీకి పరిగెత్తింది. వెనకే తనూ పోయాడు.

"బెంచీ మింద నువ్వుండావు. నీకూ అదే జబ్బు. నీ చేతికి బాటిలు కట్టినారు. నీ పేరు కార్డులో ఉండింది."

ఇసబెల్లా ట్యాబ్ పక్కన పెట్టింది.

"మీ బిడ్డకు కట్టలేదా?"

"పేరు లేదు కదా."

"అమ్మ రాయనన్నదా?"

ముత్యాలప్ప గరిటె ఆపాడు. ఆమె ముఖం వైపు చూశాడు. ఇలా ఒక ముఖం వాడిపోతే చూడాలని చాలాకాలంగా ఉన్నట్టుంది. కాసేపు చూశాడు. కానీ దాన్ని అలాగే వదిలేయడానికి మనసు ఒప్పుకోలేదు కాబోలు.

"లేదు. పెన్ను తెరిచి పెట్టుకోనుండింది. 'ముత్యాలప్పా, ఏదో ఒక పేరు చెప్పప్పా, రాసుకుంటా' అనింది. మూడుసార్లడిగింది. నేనే చెప్పలేదు."

"ఎందుకప్పా?"

"వాడికి ముందు ఆడబిడ్డ పుట్టింది మాకు. పదకొండో దినం పేరు పెట్టినాం, మూడో నెల పోయింది. మా యమ్మ మొక్కుకునింది. ఈసారి పుంగనూరు కాడ మా ఊరి గంగమ్మకు బిడ్డ తల వెంట్రుకలు ఇచ్చేదాకా పేరు నోట్లోనుంచి రాకూడదని. వస్తే బిడ్డ నిలవడని. ఆంధ్రా నుంచి వచ్చినోళ్లం, మా ఇండ్లల్లో అంతా అంతే. నేను నమ్మినాను."

"నరసమ్మ?"

"అది నమ్మలేదు. నా చొక్కా పట్టుకునింది. 'నువ్వు చెప్పకుంటే నేను చెప్తా' అనింది. నోరు తెరిచింది." అతను గరిటె వదిలి అరచేతిని చూసుకున్నాడు. "మూసినా. ఈ చేత్తోనే మూసినా."

అక్కడి నుంచి వేరే ఊళ్లోని సర్కారు ఆసుపత్రికని బిడ్డను ఎత్తుకుని బయలుదేరారు. మారికుప్పం స్టేషన్లో రైలు ఇంకా రాలేదు. రైలు వచ్చేసరికి ఎక్కే పని లేకపోయింది.

"మీ అమ్మ తానే ఒక పేరు రాసుకోనుండొచ్చు. రాయలేదు. కట్టంటే కట్టే ఆమెకు, నిక్కచ్చి మనిషి. నేను ఆమెనూ మన్నించలేదు, నన్నూ మన్నించుకోలేదు."

కొట్టివేత ఒక్కటీ లేని కార్డు ఇసబెల్లా ఒళ్లో ఉంది. దాన్ని చూడలేక ట్యాబ్ వైపు తిరిగింది. కొత్త బిడ్డను చేర్చే పేజీ తెరిచింది. మగ. అయిదు నెలలు. భేదులు. వైద్యం అందలేదు. అన్నీ నింపి నొక్కింది. పేజీ కదల్లేదు. పైన ఎర్రగీత పడింది: పేరు తప్పనిసరి.

ఆ నియమం పెట్టింది ఆమే. దొంగ లెక్కలు రాకూడదని పట్టుబట్టి పెట్టించింది. పదకొండు దేశాల్లో అదే పేజీ నడుస్తోంది.

ఇంకోసారి నొక్కింది. మళ్లీ ఎర్రగీత.

"అప్పా, ఏదో ఒక పేరు చెప్పండి, రాసుకుంటాను."

అన్నాక గానీ ఆ మాట ఆమె చెవిన పడలేదు. ముత్యాలప్ప నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"మీ అమ్మ గొంతే."

"ఇప్పుడైనా చెప్పొచ్చు కదప్పా?"

"తెలిస్తే కదా చెప్పేది. నరసమ్మ మనసులో ఒక పేరుండింది. నేను మూసింది ఆ పేరునే. ఆనక ముప్పై ఏండ్లు కాపరం చేసింది, వండి పెట్టింది, నా కాళ్లు పట్టింది. ఎన్నిసార్లడిగినా ఆ పేరు నాకు చెప్పలేదు. పోయే దినం కూడా అడిగినా. గోడకల్లా తిరిగి పండుకునింది."

ఇసబెల్లాకు శుక్రవారం గుర్తుకొచ్చింది. సున్నా గుర్తుకొచ్చింది.

"మీ ఒక్క ఇల్లేనా?"

"నువ్వు పోయొచ్చిన పందొమ్మిది ఇండ్లల్లో ఏమడిగినావు?"

"కార్డులో ఉన్న పిల్లల గురించి."

"నువ్వు పేరున్నోళ్లనడిగినావు, వాళ్లు పేరున్నోళ్లను చెప్పినారు."

ఆమె ట్యాబ్ మూసింది. సంచిలోంచి పెన్ను తీసింది. కార్డులో మూడో పేరు కింద, తల్లి గుండ్రటి అక్షరాల కింద, తన వంకర అక్షరాలతో ఒక వరుస రాసింది.

"ఏం రాసినావు? చదువు."

"మగబిడ్డ. అయిదు నెలలు. పేరు తల్లికి తెలుసు."

సంగటి అడుగంటిన వాసన వచ్చింది. ముత్యాలప్ప కుండ దించి పక్కన పెట్టాడు. వ్యాసం గురించి అతనికి ఎవరూ చెప్పలేదు. దాని మొదటి పేజీ ఇక నిలవదని ఇసబెల్లాకు మాత్రం తెలుసు. లేచి నిలబడి చెప్పులు వేసుకుంది.

అతను కుండ వైపే చూస్తూ అన్నాడు.

"ఇంగ ఆవులప్ప ఇంటికి మళ్లీ పో. వాళ్లది ఆడబిడ్డ. పేరు మాత్రం అడగొద్దు."