గొడుగు కింద రైతు

గొడుగాయన ఏడాదికి మూడుసార్లు పొలానికి వస్తాడు. నాట్లప్పుడు ఒకసారి, కోతలప్పుడు ఒకసారి, బస్తాలు బండికెత్తించుకునేటప్పుడు ఇంకోసారి. ఎండైనా, వానైనా, రెండూ లేకపోయినా నెత్తి మీద నల్ల గొడుగు ఉండాల్సిందే. పొలం ఆయనదే. కాగితాల మీద నిక్షేపంగా ఆయనదే, ఎవరూ కాదనలేదు. వాళ్ల తాత కొన్నాడట. ఆ తాతైనా మడిలో కాలు పెట్టాడో లేదో తెలియదు గానీ, ఈ మనవడి పాదానికి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క బురద చుక్క అంటలేదు. గట్టు మీద నిలబడి, ఎడమ చేత్తో గొడుగు పట్టుకుని, కుడి చేత్తో గాల్లో గీతలు గీస్తూ, "వంకర పోతోంది, వంకర పోతోంది, సరిచెయ్యండి!" అంటాడు. వ్యవసాయం గురించి ఆయనకు తెలిసిన మాట అదొక్కటే. వరస తాడు పట్టినంత తిన్నగా ఉన్నా అదే మాట.

ఆ మాట వింటే మేస్త్రికి ఒళ్లు మండుతుంది. మేస్త్రి అంటే ఆడమనిషే. పదకొండుమంది ఆడవాళ్లతో నాట్ల జట్టు నడుపుతుంది కాబట్టి ఊరంతా ఆమెను అలాగే పిలుస్తారు. కట్టుకున్నవాడు కూడా అంతే. ఊళ్లో అందరి పొలాలూ నాటాక, చిట్టచివర, జట్టును వెంటబెట్టుకుని తన మడిలో దిగుతుంది. తన మడి అని ఆమె అనుకోవడమే గానీ అది గొడుగాయన మడి. మొగుడూ పెళ్లాలు పన్నెండేళ్లుగా కౌలుకు చేస్తున్నారు. వాళ్ల చేతికి వచ్చిన కొత్తలో అది చవుడు తేలిన నేల, గడ్డి కూడా మొహమాటానికి మొలిచేది. కాలవ పూడిక తట్టలతో మోసి, పెంట తోలి, ఏటికేడు పచ్చిరొట్ట కలియదున్ని, ఆ నేలను మనిషిని చేసింది ఆమె. ఇప్పుడు పిడికెడు మట్టి పిసికితే వేళ్ల మధ్య నుంచి వెన్నలా జారుతుంది.

నేల బాగుపడిన సంగతి గొడుగాయనకు పన్నెండేళ్లకు తెలిసింది. తెలిసిన వెంటనే బావమరిది గుర్తొచ్చాడు. ఈ పంట కోశాక పొలం అతనికి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాడు. తయారైన నేల ఎవరికి చేదు!

సరిగ్గా ఆ ఏడే కొత్త నిబంధన వచ్చింది. పొలంలో దిగి సాగు చేస్తున్నది ఎవరో అధికారి స్వయంగా వచ్చి చూస్తాడు, చూసి వాళ్ల పేరు రాసుకుంటాడు. ఒకసారి పేరు ఎక్కితే ఐదేళ్లదాకా వాళ్లను ఎవరూ లేవగొట్టడానికి లేదు. ఆ ముక్క చెవిన పడ్డప్పటి నుంచి మేస్త్రికి కాలు నిలవలేదు. పేరెక్కితే పొలం ఉంటుంది, ఎక్కకపోతే కోత కోసి కొడవలి భుజాన వేసుకుని వెళ్లిపోవడమే. 

అధికారి వస్తాడనగా ముందురోజు గొడుగాయన మేస్త్రి ఇంటికి వచ్చాడు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. గొడుగు మూశాడు గానీ చేతిలోంచి దించలేదు. మేస్త్రి మొగుడు గోడకు ఆనుకుని, గోడలో కలిసిపోతే బాగుండునన్నట్టు నిలబడ్డాడు.

"రేపు ఆఫీసరొస్తాడు. ఈ పొలం నేనే సొంతంగా చేసుకుంటున్నానని చెప్తాను. నిన్నడిగితే కూలికొచ్చామని చెప్పు. ఇంకో ముక్క మాట్లాడకు."

"అలాగేనండి."

"మీ ఆవిడ నోరు కాస్త..."

"నేను చూసుకుంటానండి."

ఏం చూసుకుంటాడు! గొడుగు వీధి మలుపు తిరిగేదాకా కూడా మేస్త్రి ఆగలేదు. పొయ్యి దగ్గర నుంచి ఊదుడు గొట్టంతోనే బయటికి వచ్చింది.

"పన్నెండేళ్ల నుంచి తలూపుతున్నావు. మెడ నొప్పి పుట్టలేదా నీకు?"

"ఎదురు చెబితే ఈ పంట కూడా కొయ్యనివ్వడే."

"ఎదురు చెప్పకపోతే ఈ పంటతో సరి! అదన్నా తెలుస్తోందా?"

అత్తగారు మంచం మీద నుంచి కొడుకు వైపు చూసి, "వీళ్ల నాన్నా ఇంతే. ఎవరైనా గట్టిగా దగ్గితే క్షమించమనేవాడు" అంది. ఆ ముసలామెది పెద్ద నోరు, ఇప్పటికీ జట్టులో చివరి వరస ఆమెదే. కోడలి మీద ఎన్ని సాధింపులున్నా పొలం విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

మేస్త్రికి మొగుడి మీద కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుట మనిషి ఉండాలి. అతన్ని చూస్తే చీదర పుట్టింది, అంతే.

మర్నాడు పొద్దున్నే జట్టు మడిలో దిగింది. నీళ్లు పెట్టి దమ్ము చేసిన నేలలో కాళ్లు పిక్కల దాకా దిగబడుతున్నాయి. పదకొండుమందీ ఒకే వరసలో వంగి, ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేతి మూడు వేళ్లతో మొక్క తీసి గుచ్చుతూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ వస్తున్నారు. నాటినది ముందు ఉండాలి, నడక వెనక్కి ఉండాలి. ఎవరూ నేర్పరు, నేర్పక్కర్లేదు. సగం మడి పచ్చగా లేచి నిలబడేసరికి అధికారి వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకు కాగితం, జేబులో ఫోను. బురద చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. చూడబోతే నాట్లు వేయడానికి ఆయనే నయం.

గొడుగాయన ఆయన వెనకే వచ్చాడు. ఆ రోజు కాళ్లకు కొత్త రబ్బరు బూట్లు తొడిగాడు. మోకాళ్ల దాకా ఉన్నాయి, మిలమిలా మెరుస్తున్నాయి. ఎడమ బూటుకు కొట్టువాడు అంటించిన చీటీ ఇంకా ఊడలేదు.

"ఈ పొలం ఎవరు సాగు చేస్తున్నారు?" అన్నాడు అధికారి.

"నేనేనండి. స్వయంగా." స్వయంగా అనే మాట మీద గొడుగు కొంచెం పైకి లేచింది.

"మరి వీళ్లంతా?"

"కూలీలు."

అధికారి గట్టు మీదున్న మేస్త్రి మొగుడి వైపు తిరిగాడు. "ఏమయ్యా, అంతేనా?"

అతను తన కాలి బొటనవేలితో ఏదో రహస్యం మాట్లాడుతున్నట్టు కిందికి చూస్తూ, "అంతేనండి. కూలికే" అన్నాడు.

మడిలో మేస్త్రి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పన్నెండేళ్ల చాకిరీ ఆ ఒక్క మాటతో గాల్లో కలిసిపోయింది. అధికారి అట్ట మీద వంగి రాయబోయి, ఆగి, కాగితం కింది భాగం చదువుకున్నాడు.

"ఒక ఫొటో కావాలి సార్. సాగు చేసే మనిషి పనిలో ఉన్నట్టు. మడిలో దిగాలి."

గొడుగాయన మొహంలో రంగు మారింది. "గట్టు మీద నుంచుంటే సరిపోదా?"

అప్పుడు మేస్త్రి నడుం లేపింది. చేతులు కడుక్కుంది, గొంతులో తేనె పోసుకుంది.

"అదేంటి అయ్యగారూ, గట్టు మీదెందుకు? మీరు దిగితే మేం పక్కకు తప్పుకోవాల్సిందే కదా! సారూ, అయ్యగారి పనితనం మీకు తెలీదు. ఏటా నాట్లప్పుడు వంకర పోతోంది, వంకర పోతోందని మాకు నేర్పేది ఆయనే. ఆయన నాటితే చూడాలి మీరు."

జట్టులో ఎవరో కిసుక్కుమనబోయారు. మేస్త్రి వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. పదకొండు మొహాలూ మూకుళ్లు బోర్లించినట్టు అయిపోయాయి.

పొగడ్తకు లొంగనివాడైతే అక్కడే బయటపడేవాడు. కానీ గొడుగాయన పొగడ్త అంటే చెవి కోసుకుంటాడు. పైగా ఆయన నిజంగానే నమ్మాడు, తనకు నాట్లు వచ్చని. ఇన్నేళ్లు చూశాడు కదా, ఏముంది అందులో, గుచ్చడమే కదా! గొడుగు తీసి మేస్త్రి మొగుడి చేతిలో పెట్టాడు. "మూయకు, ఇలాగే పట్టుకో" అన్నాడు. అతను పట్టుకున్నాడు. కింద ఎవరూ లేని గొడుగును, తన నెత్తి మీద కాకుండా పక్కకు జరిపి, భక్తిగా పట్టుకున్నాడు. దేవుడా, ఇతనితో నేను కాపురం చేశాను అనుకుంది మేస్త్రి.

గొడుగాయన మడిలో దిగాడు. బురద బూట్లను చప్పున పీల్చుకుంది. మేస్త్రి నారు కట్ట అందించింది. ఆయన గుప్పెడు నారు తీసి, గుంజ పాతినట్టు మెడ దాకా గుచ్చి, గర్వంగా ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు సరిగ్గా ఆ నారు మీదే పడింది. మళ్లీ గుచ్చాడు, మళ్లీ ముందుకే వేశాడు. ఆయన వెనక బూటు గుంటలు తప్ప ఒక్క మొక్క లేదు. జట్టులో ఆడవాళ్లు ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నారు. ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది.

అధికారికి మాత్రం ఏమీ తెలియలేదు. తెలిస్తే అధికారి ఎందుకవుతాడు! ఫోను అడ్డం తిప్పీ నిలువు తిప్పీ, "బావుంది సార్, కాకపోతే వెనకంతా బురదే కనబడుతోంది. కాస్త ఆ పచ్చగా ఉన్న వైపు రండి" అన్నాడు.

గొడుగాయన పచ్చగా ఉన్న వైపు నడిచాడు. పొద్దుట్నుంచి పదకొండుమంది నడుములు విరుచుకుని నాటిన వరసల్లోకి, ఆ బూట్లతో, ఫచక్ ఫచక్‌మని నడిచాడు. ఒక్కో అడుగుకూ నాలుగు మొదళ్లు అణిగిపోయాయి.

"అయ్యో, తొక్కకండి! నా నారు! నా నారంతా తొక్కేస్తున్నారు! బయటికి రండి ముందు!"

అరిచింది మేస్త్రి కాదు. ఆమె మొగుడు. గొడుగు ఎటో విసిరేసి, మడిలోకి దూకి, గొడుగాయన రెక్క పట్టుకుని లాగేశాడు. ఆ లాగుడుకు ఒక బూటు బురదలోనే ఉండిపోయింది, ఆయన ఉన్నపళంగా చతికిలబడ్డాడు. అప్పటిదాకా ఆపుకున్న నవ్వు పదకొండు నోళ్లలోంచి ఒక్కసారిగా బయటపడింది.

అధికారి ఫోను దించాడు. "నీ నారేంటి? నువ్వు కూలికొచ్చానన్నావు?"

మేస్త్రి మొగుడు నోరు తెరిచాడు. ఎప్పుడూ మూసి ఉండే నోరు, తెరవగానే మళ్లీ మూతపడుతుందేమోనని మేస్త్రికి భయం వేసింది. మూతపడలేదు.

"అబద్ధం చెప్పాను సారూ. విత్తనం పోసింది మేమే, దున్నింది మేమే. పన్నెండేళ్ల నుంచీ చేస్తున్నాం. ఆయన్నడగండి, నాటేటప్పుడు ఎటు నడవాలో. ముందుకు నడిచే రైతును ఎక్కడన్నా చూశారా మీరు?"

అధికారి బూటు గుంటలను చూశాడు, ఆడవాళ్ల వరసలను చూశాడు. ఇంతసేపటికి ఆయనకు కూడా అర్థమైంది. గొడుగాయన, "వీడి సంగతి చూస్తాను, మీ అందరి సంగతీ చూస్తాను" అని అరుస్తూ, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి బురదతో, కుంటుకుంటూ గట్టెక్కి వెళ్లిపోయాడు. గొడుగు సంగతి మరిచిపోయాడు.

మేస్త్రికి ఒక్క నిమిషం పాటు మొగుడు బంగారంలా కనిపించాడు. ఒక్క నిమిషమే.

"పేరు చెప్పు" అన్నాడు అధికారి. అతను రొమ్ము విరుచుకుని తన పేరు చెప్పాడు. అధికారి రాసుకుని, కలంతో మేస్త్రిని చూపించాడు. "ఈవిడో?"

"మా ఆవిడ సార్. నాట్లప్పుడు సాయానికొస్తుంది."

నవ్వులు ఆగిపోయాయి. "సాయానికా!" అంది ముసలామె, తన కడుపున పుట్టినవాణ్ని ఎగాదిగా చూస్తూ.

మేస్త్రి తన చేతిలో ఉన్న నారు కట్టను మొగుడి చేతిలో పెట్టింది. గట్టెక్కి కాళ్లు కడుక్కుంది. పడి ఉన్న గొడుగు తీసి, దుమ్ము దులిపి, దాని కింద కూర్చుంది. ఆమె వెనకే జట్టంతా ఒక్కొక్కరే గట్టెక్కారు.

"సారూ, ఫొటో కావాలన్నారు కదా. పనిలో ఉన్నట్టు. తీసుకోండి, రైతు మడిలోనే ఉన్నాడు" అంది.

దున్నడం అతని పని, కట్టలు విసరడం అతని పని. నాటడం పుట్టాక ఎన్నడూ ఎరగడు. వెనక్కి నడవాలని తెలుసు, అదొక్కటే తెలుసు. నాలుగు మొదళ్లు గుచ్చాడు, రెండు నీళ్ల మీద తేలాయి. అయిదోది గుచ్చేసరికి నడుం పట్టేసింది.

"వంకర పోతోంది, వంకర పోతోంది, సరిచెయ్యి!" అంది మేస్త్రి గొడుగు కింద నుంచి.

అతను సరిచేశాడు. ఇంకో అడుగు వెనక్కి వేశాడు. పావు వరస అయ్యేసరికి చెమట కళ్లలోకి దిగింది. నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, ఇంకా మిగిలిన సగం మడిని చూశాడు, గట్టు మీద వరసగా కూర్చున్న ఆడవాళ్లను చూశాడు. ఎవరూ లేచే సూచన లేదు.

"సార్, ఆవిడ పేరు కూడా రాయండి" అన్నాడు.

"ఒక పొలానికి ఒక్క పేరే రాయాలయ్యా."

అతను మళ్లీ మడి వైపు చూశాడు. "అయితే నాది కొట్టేసి ఆవిడదే రాయండి సార్. నాకు చేతకాదు ఇది."

మేస్త్రి అతన్ని చూస్తూ కూర్చుంది. పన్నెండేళ్లు ఆమె నడుం చూసి అర్థం కానిది, పావు వరసకు తన నడుం పట్టేస్తే అర్థమైంది. సంతోషించాలో ఉమ్మేయాలో తెలియలేదు. ఏదైనా, పేరు పేరే.

అధికారి పేరడిగాడు. ఆమె తన అసలు పేరు చెప్పింది. ఆ పేరు విని చాలా ఏళ్లయింది కాబట్టి జట్టులో ఇద్దరు ఎవరిదా అని అటూ ఇటూ చూశారు. అధికారి కొట్టేసి రాశాడు. చదివి వినిపించమంది. వినిపించాడు. ఇంకోసారి వినిపించమంది.

తర్వాత గొడుగు మడిచి, చీర ఎగదోపి, మడిలో దిగింది.

"గట్టెక్కు, ఇప్పటికి తొక్కింది చాలు" అంది మొగుడితో. అతను గుచ్చిన పావు వరసనూ పీకేసి, మొదటి నుంచి మళ్లీ నాటడం మొదలుపెట్టింది.