మెట్ల పరీక్ష

మగ పేషెంటు గొంతు తగ్గించి "సిస్టర్, ఆ కర్టెన్ కాస్త వెయ్యండి" అన్నాడంటే నాకు ఒళ్లు మండుతుంది. గుండె జబ్బుల వార్డులో ఆ మాట వెనక ఏమేం వస్తాయో నాకు కొత్త కాదు. ఒకడు చెయ్యి పట్టుకుంటాడు, ఇంకొకడు పెళ్లయిందా అని ఆరా తీస్తాడు. అందుకే కిటికీ పక్క మంచం మీది లిఫ్ట్ ఆపరేటర్ ఆ మాట అనగానే కర్టెన్ ఇంకాస్త బార్లా తీశాను.

"బాబాయ్ గారూ, మీరడగబోయేది నా గురించైతే పెద్ద సిస్టర్‌ని పిలుస్తాను. మీ ఒంటి గురించైతే మొహమాటం లేకుండా అడగండి."

"మీ పిన్ని గురించమ్మా," అన్నాడాయన, దుప్పటి గడ్డం దాకా లాక్కుని.

నవ్వు ఆపుకోలేక చచ్చాను. పళ్లు బిగించి కర్టెన్ వేశాను. ఆయన నీళ్లు నమిలి, గోడవైపు చూసి, చివరికి బయటపెట్టాడు. గుండెపోటు వచ్చిన దగ్గర్నుంచి భార్య ఆయన్ని వేలితో కూడా ముట్టుకోవడం లేదు. మర్నాడు ఇంటికి పంపుతున్నామని తెలిసి, తన పడక అప్పుడే వేరే గదిలోకి మార్పించేసిందట.

"ముట్టుకుంటే నేను పోతానని దాని భయం. ఇక మాకు ఆ సంగతి... అదీ... కూడదా అమ్మా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా నవ్వు ఎటు పోయిందో పోయింది. ఈ మాట అడగడానికి ఎంత సిగ్గు చంపుకున్నాడో అని జాలేసింది.

వెళ్లి డాక్టరుగారిని అడిగొచ్చాను. "ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే నిక్షేపంగా కాపురం చేసుకోవచ్చన్నారు. రేపు పొద్దున ఎక్కిద్దాం. పిన్నిగారికి మాత్రం మీరే చెప్పుకోవాలి. మీ పడగ్గది రాయబారాలు నేను నడపను."

"మెట్లా?" అన్నాడు అనుమానంగా. జీవితమంతా లిఫ్ట్ నడిపిన మనిషి. మెట్లంటే కరెంటు పోయినప్పుడు జనం తిట్టుకుంటూ వాడేవని ఆయన ఉద్దేశం.

నేను ఎవరి దగ్గరా నోరు మెదపలేదు. ఆయనే ఉత్సాహం పట్టలేక పక్క మంచం తాపీమేస్త్రి చెవిన వేశాడు. ఇంకేముంది, వార్డంతా పాకిపోయింది. తెల్లారి మేం మెట్ల దగ్గరికి వచ్చేసరికి నడవగలిగినవాళ్లంతా గౌన్లు సర్దుకుంటూ వరండాలో హాజరు. పెద్ద సిస్టర్ "పొండి, పొండి" అని అందర్నీ అదిలించి, తాను మాత్రం అంగుళం కదల్లేదు.

పిన్నిగారు చేతిసంచి ముఖానికి అడ్డం పెట్టుకుంది. "పరువంతా గంగలో కలిపారు," అని గొణుగుతూనే, ఆయన ఎక్కడ పడిపోతాడో అని వెనకాలే ఎక్కింది. చేతులు చాచింది గాని ఆయనకు తగలనివ్వలేదు. నేను ఆయన వేలికి పెట్టిన క్లిప్పులో అంకెలు చూస్తూ పక్కన నడిచాను.

మొదటి అంతస్తు బాగానే దాటాడు. కింద నుంచి మేస్త్రి "తొందరేం లేదు బాబాయ్, నిదానంగా కానివ్వు" అంటే వరండా గొల్లున నవ్వింది. రెండోదీ ఎక్కేశాడు. నొప్పి లేదు, ఆయాసం లేదు. పెళ్లికొడుకులా వెలిగిపోతూ వెనక్కి తిరిగాడు.

వెనక పిన్నిగారు లేదు. కొన్ని మెట్లు కిందే రెయిలింగ్ పట్టుకుని చతికిలబడి, చెమటలు కక్కుతూ రొప్పుతోంది.

నేను పరుగున దిగి నాడి చూశాను. వేగంగా ఉంది గాని మెల్లమెల్లగా సర్దుకుంటోంది. వారమంతా ఆయన మంచం పక్క కుర్చీలో కూర్చుని జాగారం చేసి, తిన్నానని అబద్ధాలాడితే ఇంకేమవుతుంది? కిందికి వెళ్లాక డాక్టరుగారికి చూపించాల్సిందేనని గట్టిగా చెప్పాను.

ఆయన దిగొచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ వైపు చెయ్యి చాపాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"నాకేమీ వద్దే. నీకేమైనా అయితే నేను తట్టుకోలేను. దూరంగానే ఉంటాలే."

పిన్నిగారు ఆయన చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజి పక్కన కూర్చోబెట్టింది.

"నేనేమన్నా గాజుబొమ్మనా, ముట్టుకుంటే పగలడానికి?" అని, ఆయన భుజం మీద తల వాల్చేసింది.

నేను ఇంకా ఆవిడ మణికట్టు పట్టుకునే ఉన్నాను. ఆవిడ నెమ్మదిగా నా వేళ్లు విడిపించి, తన రెండో చేతిని కూడా ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వెళ్లి నీ పని చూసుకో అమ్మాయ్. మేం మెల్లగా వస్తాం."