గుట్ట మీద రెండు పొగలు

మేకలన్నీ ఇంటికొచ్చాయి. ఒక్కదాని వెంట్రుక కూడా మాడలేదు. గురునాథ్‌కు అక్కడే అనుమానం పట్టుకుంది.

మధ్యాహ్నం చిమ్కోడ్ గుట్ట తగలబడింది. నడుమెత్తు ఎండుగడ్డి, పైనుంచి దిగే గాలి. మేకలు మేపబోయి ఆ మంటలో చిక్కిన అతని భార్య భాగీరథి, కాళ్లకు మసి తప్ప ఏమీ అంటకుండా దిగివచ్చి మేకలకు నీళ్లు పెడుతోంది.

ఎట్లా బతికావంటే పుస్తకం అంటోంది. కన్నడ బడిలో చదివే కూతురు శివాని పంచాయతీ లైబ్రరీ నుంచి తెచ్చిన కన్నడ పుస్తకం. ఎక్కడెక్కడి అడవుల్లోనో మంటల్లోంచి బయటపడ్డవాళ్ల కథలు. శివాని పొయ్యి దగ్గర చదివి తెలుగులో చెబుతుంటే, భాగీరథి పెనం మీద రొట్టె మరిచి వినేది. మంట మీదికొస్తే ఉరకొద్దు, ముందే కొంత గడ్డి కాల్చి ఆ బూడిదలో నిలబడాలి, పెద్ద మంటకు అక్కడ తినడానికేమీ ఉండదు. ఆ ముక్క మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

గురునాథ్‌కు ఇంకో మాటా గుర్తుంది. మొన్ననే భాగీరథి అంది: "ముదురు గడ్డి మేకల మూతులకు గుచ్చుతాంది. మా నాయన కాలంల అయితే ఒక్క పుల్ల గీసేటోళ్లు. వాన పడంగనే లేత గడ్డి." ఇప్పుడు గీస్తే కేసు.

సాయంత్రం అడవి కాపలా చూసే జంగ్లాత్ వాచర్ మోహన్ వచ్చాడు. బండి దిగకుండానే అడిగాడు.

"భాగీరథక్కా, మేక పెంటికలున్న కాడ కాలిన అగ్గిపుల్ల దొరికింది. నీదేనా?"

"నాదే."

"గుట్ట మీదికి అగ్గిపెట్టె ఎందుకు?"

"చాయ్ కాసుకోనీకి. నువ్వు గూడ తాగినవ్ గద తమ్మీ."

"తాగిన. ఉత్త చక్కెర పానకం. గది వేరే ముచ్చట. గుట్ట అంటుకున్నంక పుల్ల గీసినవా, నువ్వు గీస్తేనే గుట్ట అంటుకున్నదా? మా సాబ్ అడిగేది గదే."

"మంట మీదికొస్తుంటే పుస్తకంల ఉన్నట్టు చేసిన."

"పుస్తకం జదివి బతికినోళ్లను నేను చూడలే అక్కా. సాకులు చెప్పేటోళ్లను శానమందిని జూసిన." మోహన్ గురునాథ్ వైపు తిరిగాడు. "బావా, నీ చేనుకు గుట్ట ఎదురుంగనే గద. ఏ పొగ ముందు లేసింది? పైదా, అక్క ఉన్న కాడిదా?"

మధ్యాహ్నం చేన్లో కందికట్టె మోపులు కడుతున్న గురునాథ్ తలెత్తేసరికి రెండు పొగలూ లేచి ఉన్నాయి. ఏది ముందో అతనికి తెలియదు. భాగీరథి బకెట్ కింద పెట్టి అతన్నే చూస్తోంది. ఆమె మొహంలో భయం లేదు. సాక్షి దొరికాడన్న ధీమా ఉంది.

"పైది," అన్నాడు. "కిందిది శానసేపటికి లేసింది."

"కండ్లార జూసినవా?"

"చూసిన."

మోహన్ కాసేపు అతని మొహంలోకి చూశాడు. "రేపు సాబ్ ముంగట గూడ గిదే చెప్పాలె. మాట మార్చొద్దు." బండి తిప్పుకుని పోయాడు.

భాగీరథి గట్టిగా ఊపిరి వదిలింది. "నువ్వు చూసినవ్ కాబట్టి సరిపాయె. మంట పెద్దబండ మీదికెల్లి ఎట్ల దునికింది! చూసినవ్ గద?"

గురునాథ్ మేకను కట్టేస్తున్నాడు.

"నిన్నే. చూసినవ్ గద?"

"లేదు. తలెత్తేటాళ్లకు రెండు పొగలున్నయి."

"మరి గట్ల ఎందుకు చెప్పినవ్?"

"నిన్ను తోల్కపోతరని."

భాగీరథి అతని చేతిలోని మేక తాడు లాక్కుంది. "మంట నేనే పెట్టిన అనుకున్నవ్," అంది.

గురునాథ్ తల దించి ఇంకో మేక తాడు వెతుక్కున్నాడు.

"రేపు సాబ్ కాడికి నువ్వు రావద్దు," అందామె. "నువ్వేం చూడలేదని నేనే చెప్త."